నమిలిన నీళ్ళు

మట్టం మేస్త్రికి ఆ పేరు పెట్టింది కన్నవాళ్ళు కాదు, కట్టిన గోడలు. ఇటుక మీద ఇటుక పెట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటితో వరస వెంట ఒక్క చూపు చూసి "సరిపోయింది" అన్నాడంటే సరిపోయినట్టే. మిగతా మేస్త్రులు రసమట్టం పెట్టి, అందులోని బుడగ మధ్యకి వచ్చేదాకా ఇటుకని బతిమాలుకుంటూ ఉంటే, ఈయన అప్పటికే మూడు వరసలు లేపి టీ తాగుతూ ఉండేవాడు. అనుమానమొచ్చి కొలిచి చూసినవాళ్ళు తేలుకుట్టిన దొంగల్లా వెళ్ళిపోయేవాళ్ళు. అలా నలభై ఏళ్ళు గడిచేసరికి అసలు పేరు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ కన్ను రెండేళ్ళుగా తప్పు చెబుతోంది. ఈ సంగతి ఆయన కోడలికి తెలుసు. కోడలు చెప్పబట్టి కొడుక్కి తెలుసు. ఆయనకి మాత్రం తెలియదని వీళ్ళిద్దరి నమ్మకం.

కోడలు కూడా తాపీ పనే చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇటుకల తట్టలు మోసేది. ఆడవాళ్ళు తట్ట మోయాలి, మగవాళ్ళు తాపీ పట్టాలి అన్నది ఆ పనిలో ఎవరూ రాయకుండానే అందరూ పాటించే రూలు. కొడుకేమో ఇటుక పట్టుకుంటే చేతులు పగులుతున్నాయని కరెంటు పనిలోకి జారుకున్నాడు. ఒకరోజు మేస్త్రి, పనివాళ్ళంతా చూస్తుండగా, కోడలి నెత్తి మీంచి తట్ట దించి చేతిలో తాపీ పెట్టాడు. "తాపీ పట్టినవాళ్ళకి ముందు తాపీగా ఉండటం రావాలమ్మా. తొందరపడితే గోడ నవ్వుతుంది" అన్నాడు. గోడకంటే ముందు పక్కనున్న మేస్త్రులు నవ్వారు. ఏడేళ్ళు తిరిగేసరికి వాళ్ళలో ఇద్దరు ఆమెను తమ పనులకి రమ్మని అడుగుతున్నారు.

అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి "మావయ్యా, మీ కన్ను తప్పింది" అని ఏ నోటితో అనడం?

మొదట బయటపడింది ఒక కాంపౌండు గోడ దగ్గర. ఎందుకో కోడలు రసమట్టం తీసి, మేస్త్రి పొద్దుటి నుంచి కట్టిన వరస మీద పెట్టింది. బుడగ ఒక చివరికి పరిగెత్తింది. రసమట్టమే పాడైందనుకుని పక్క పనిలో ఇంకోటి అడిగి తెచ్చింది. దాని బుడగా అటే పరిగెత్తింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేస్త్రి మొహం మీద తువ్వాలు కప్పుకుని అరగంట నడుం వాల్చడం అలవాటు. ఇటుకల మధ్య సిమెంటు మాలు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె గబగబా నాలుగు వరసలు విప్పి, సరిచేసి మళ్ళీ కట్టేసింది. ఆయన లేచి గోడ చూసుకుని, తువ్వాలు దులుపుకుని పనిలోకి దిగాడు.

అప్పటినుంచి రోజూ అదే తంతు. అరగంటలో అన్నం తినడం, గోడ విప్పి కట్టడం రెండూ కుదరవు కాబట్టి అన్నం మానేసింది. నాలుగింటికి ఎప్పుడో నిలబడి రెండు ముద్దలు మింగేది. మొగుడితో చెప్పుకుంటే, "నువ్వే చెప్పు. నేను ఇటుక పని చేతకాక పారిపోయినవాణ్ణి. నా మాటకేం విలువ" అని తప్పుకున్నాడు. చెబుదామనే చాలాసార్లు వెళ్ళింది. "మావయ్యా" అని పిలిచేది. ఆయన తల తిప్పి చూసేవాడు. "నీళ్ళు తాగుతారా" అనేది. ఆ రెండేళ్ళూ మేస్త్రికి దాహమంటే ఏమిటో తెలియకుండా గడిచాయి.

ఇప్పుడు మెట్ల పని వచ్చి పడింది. పళ్ళ డాక్టరొకాయన కొత్తగా కట్టుకుంటున్న ఇంట్లో పైన ఆసుపత్రి పెడతాడట. ముసలివాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు దవడ పట్టుకుని ఆ మెట్లెక్కాలి. ఒక్క మెట్టు తేడా వచ్చినా కాలు అక్కడే తడబడుతుంది. పైగా అది ఇటుకల గోడ కాదు, కాంక్రీటు పోత. ఒకసారి గట్టిపడ్డాక అరగంట నిద్రలో సరిచేసే పని కాదు, సుత్తి పెట్టి పగలగొట్టాల్సిందే. పని వచ్చే సోమవారం మొదలు. ఆలోపు చెప్పాలి. లేకపోతే ఎవరో ఒకరు పడతారు, ఆ పడ్డవాళ్ళ మొహం తను జన్మంతా మోయాలి.

మంగళవారం పొద్దున టీ తాగుతుండగా ఆమెకి ఆలోచన తట్టింది. గోడ అబద్ధం చెప్పగలదు. పైన పూత పూస్తే వంకర దాక్కుంటుంది. నిలిచిన నీళ్ళు మాత్రం ఎవరి మొహమాటానికీ లొంగవు.

"మావయ్యా, పెరట్లో ఆ మూల చిన్న కొలను కడదామా. వారమంతా ఖాళీయే కదా."

అత్తగారు గ్లాసు కింద పెట్టింది. "కొలనేంటి. అందులో దిగి జలకాలాడేది ఎవరు?"

"చిన్నదే అత్తయ్యా. ఊరికే చూడ్డానికి."

"దోమల్ని చూడ్డానికా. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే అవే వచ్చి కనపడతాయి. గుంట తవ్వి పిలవక్కర్లేదు."

ఆ మూల అంటే ఇంట్లో ఎవరికీ పనికిరాని మూల. పక్కనే మూడంతస్తుల ఇల్లు లేచాక అక్కడ ఎండ పొడ కూడా పడదు. బట్టలు ఆరేస్తే తడిసినవి తడిసినట్టే ఉంటాయి. అత్తగారు ఏ మొక్క నాటినా నాలుగు వారాలకి పాలిపోయి నేలకి ఒరిగేది. విరిగిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, ఒక పాత తలుపు చట్రం మాత్రం అక్కడ హాయిగా బతుకుతున్నాయి.

మేస్త్రి టీ గ్లాసుతోనే లేచి వెళ్ళి ఆ మూల నిలబడ్డాడు. కాసేపు నేలకేసి, గోడకేసి చూశాడు. "చోటు మంచిదే. ఎండలో అయితే నీళ్ళు వారానికే పచ్చబడతాయి, సగం ఆవిరైపోతాయి. నీడలో చల్లగా పడుంటాయి" అన్నాడు. కోడలి వైపు ఒక్క క్షణం చూశాడు. "రేపే తవ్వుదాం."

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. 

మొక్కలమ్మేవాడి దగ్గరికి అత్తగారు కూడా వచ్చింది, బేరం కోసం కాదు, దోమల సంగతి తేల్చుకోవడానికి. తామరలు కావాలంది. నీడలో తామర ఆకులేస్తుంది గానీ పూయదని వాడు చెప్పాడు. నీడకి ఓర్చుకునే వెడల్పాకుల నీటి మొక్కలు రెండు కుండీలు, గట్టు మీద పెట్టుకోవడానికి తడి ఇష్టపడే ఆకు మొక్కలు నాలుగు ఇచ్చాడు. దోమ పిల్లల్ని తినే చిన్న చేపలున్నాయి గానీ వాటిని అప్పుడే తీసుకెళ్ళొద్దన్నాడు. కొత్త సిమెంటు ఘాటుకి చేపలు బతకవు, నీళ్ళు నింపి పారబోసి, నింపి పారబోసి, మూడు నాలుగు సార్లయ్యాక రమ్మన్నాడు. అత్తగారు గాజు తొట్టె దగ్గర వంగి నారింజ రంగువి రెండు చూసిపెట్టుకుంది. "ఈ రెండూ నావి. ఎవరికీ ఇవ్వకు" అని హెచ్చరించి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో దోమల మాట వినపడలేదు.

బుధవారం తవ్వారు. కాళ్ళు చాపి పడుకుంటే మేస్త్రి పట్టేంత పొడవు, అందులో సగం వెడల్పు. మధ్యలో మోకాలి లోతు. ఒక పక్క కుండీలు పెట్టడానికి మెట్టులాగా వదిలారు. ఇంకో పక్క రాళ్ళు ఏటవాలుగా పేర్చాలని మేస్త్రి పట్టుబట్టాడు.

"అదెందుకు?" అంది అత్తగారు.

"నీళ్ళు తాగబోయి ఉడతో తొండో జారి పడితే ఎక్కి రావద్దూ."

"ఇంటి ముందు మెట్టు విరిగి ఏడాదైంది. దానికి లేని తొందర ఉడతకొచ్చింది" అని ఆవిడ లోపలికి పోయింది.

గురువారం లోపలి ఇటుక కట్టు, దాని మీద సిమెంటు పూత అయ్యాయి. కోడలు ఇటుకలందిస్తూ ఆయన చేతులనే చూసింది. వేళ్ళు ఇటుకని తడిమి, తిప్పి, నున్నటి పక్క నీళ్ళవైపు పెట్టే తీరు, మాలు ఎక్కడెంత పడాలో తాపీకే తెలిసినట్టు జారే తీరు, ఇవేవీ తప్పలేదు. తప్పింది కన్ను ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం ఈ మనిషిని నీళ్ళ ముందు నిలబెట్టి తల దించుకునేలా చేస్తున్నాను కదా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం అంచు. పలకరాళ్ళు చుట్టూ పేర్చి మాలుతో కూర్చాలి. మేస్త్రి ఒక కన్ను మూశాడు, రెండో కంటితో చూశాడు, "సరిపోయింది" అన్నాడు. సరిపోలేదు. ఎడమ పక్క దిగిపోయిందని ఆమెకి రసమట్టం లేకుండానే కనిపిస్తోంది. మధ్యాహ్నం ఆయన గోడ వారన చాప వేసుకుని, తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. అలవాటైన చేతులు ఊరుకోలేదు. ఎడమ చివర రాయి ఒకటి ఊడదీసింది కూడా. కింద రెండు వేళ్ళ మాలు వేస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. మళ్ళీ సోమవారం గుర్తొచ్చింది. రాయిని ఎక్కడిది అక్కడే, ఆ వంకరలోనే పెట్టేసింది. ఏడేళ్ళలో ఆమె చేతులారా చేసిన మొదటి చెడ్డపని అదే అనిపించింది. ఆ రోజు అన్నం తినే తీరిక దొరికింది గానీ సయించలేదు.

శనివారం పూత ఆరనిచ్చారు. ఆదివారం పొద్దున ఆమె పైపు లాక్కొచ్చి కుళాయి తిప్పింది.

నీళ్ళు అడుగున తిరుగుతూ, ఉడత రాళ్ళ మీదికి ఎగబాకుతూ మెల్లగా పైకొచ్చాయి. గోడ నీడ పడి లోతు ఉన్నదానికంటే ఎక్కువగా కనపడింది. బాగుంది. నిజంగానే బాగుంది. అంచుకి ఇంకా జానెడు దూరం ఉండగా మేస్త్రి వచ్చి పక్కన నిలబడ్డాడు.  ఏమనాలో రాత్రంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

మేస్త్రి కాలి బొటనవేలితో ఎడమ పక్క రాయి ఒకదాన్ని తట్టాడు.

"ముందు ఇక్కడ పొర్లుతుంది. అప్పటికి అవతలి పక్క రెండు వేళ్ళు పొడిగానే ఉంటుంది."

ఆమెకి విన్నది అర్థం కాలేదు. నీళ్ళు పైకి వచ్చాయి. సరిగ్గా ఆయన చూపించిన రాయి మీంచే పొర్లి, పెరట్లోకి సన్నగా కాలువ కట్టాయి. అవతలి అంచు పొడిగా ఉంది. రెండు వేళ్ళ మేర.

"కుళాయి కట్టెయ్" అన్నాడు మేస్త్రి.

కట్టేసి వచ్చింది. "మీకు తెలుసా మావయ్యా?"

"నువ్వు ఎడమచేతి వాటం మనిషివి. ఇటుకల సందు రుద్దితే తాపీ గీత అటు వాలుతుంది. నాది ఇటు. నిద్ర లేచి చూస్తే గోడ నాదే, గీతలు నీవి. నలభై ఏళ్ళు గీసిన గీత నాకు తెలీదా."

"ఎప్పటినుంచి?"

"ఆ కాంపౌండు గోడ నుంచే. మూడో రోజుకల్లా."

ఆమె అక్కడే గట్టు మీద కూలబడింది. "అయితే మధ్యాహ్నాలు..."

"తువ్వాలు మొహం మీదుంటే నిద్రపోయినట్టేనా అమ్మా." ఆయన నీళ్ళకేసే చూస్తున్నాడు. "తాపీ మొనతో ఒక్కో ఇటుకా లేపుతుంటే చప్పుడు వినపడేది. ఇది రెండో వరస, ఇది మూడో వరస అనుకుంటూ పడుకునేవాణ్ణి. కంటి డాక్టరు దగ్గరికీ వెళ్ళొచ్చాను. నరం దెబ్బతిందట. అద్దాలకి లొంగదన్నాడు."

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది, మావగారి ముందు ఎన్నడూ రానంత కోపం. "మరి నాతో ఒక్క మాట అనొచ్చు కదా. రెండేళ్ళు మధ్యాహ్నం అన్నం తినలేదు నేను."

"తెలుసు."

"తెలిసి కూడానా?"

"మొదట్లో సిగ్గేసింది. మట్టం మేస్త్రి కన్ను పోయిందని నా నోటితో నేనెట్లా అనేది. ఆ తర్వాత నువ్వే అంటావని చూశాను. 'మావయ్యా' అనుకుంటూ వచ్చేదానివి. ఇవాళ చెప్పేస్తుంది అనుకునేవాణ్ణి. నీళ్ళు తాగుతారా అనేదానివి." మేస్త్రి నవ్వాడు. "నువ్వు నమిలిన నీళ్ళన్నీ రెండేళ్ళు నాతో తాగించావు. ఇంక నా పొట్ట పట్టదని మిగిలినవి తెచ్చి ఈ గుంటలో పోశావు. అంతేనా."

ఏడుస్తూనే ఆమెకీ నవ్వొచ్చింది. "అంతే మావయ్యా."

"నీ అన్నం సంగతి మాత్రం నా తప్పు. దానికి నేనేం చెప్పినా తక్కువే."  ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. "పళ్ళ డాక్టరుతో మాట్లాడేశాను. మెట్ల పని మా కోడలు చూస్తుందని చెప్పాను. ఆయన సరేనన్నాడు."

ఆమె తల ఎత్తింది.

"నీకు పని వచ్చా రాదా అన్న అనుమానం నాకెప్పుడూ లేదు. నా భయం వేరు. రేపు చెక్కలు బిగించేవాళ్ళు నలుగురు, కాంక్రీటు పోసేవాళ్ళు ఎనిమిది మంది వస్తారు. అందులో నాకంటే పెద్దవాళ్ళుంటారు. ఒకడు మెట్టు తేడాగా పెడతాడు. తప్పుంది, తియ్యి అని వాడి మొహం మీద అనగలవా? లేకపోతే వాడు పడుకునేదాకా చూస్తావా? వాడు పడుకునేదాకా కాంక్రీటు ఆగదమ్మా."

 రెండేళ్ళుగా తను చేస్తున్నది మంచితనం అనుకుంది. దాంట్లో సగం మంచితనమే. మిగతా సగం భయం. మావయ్య మనసు నొచ్చుకుంటుందని కాదు, నొచ్చుకున్న మనసు ఎదురుగా నిలబడి తను చూడలేనని. ఆ భయానికి గౌరవం అని పేరు పెట్టుకుని బతికింది.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు మేస్త్రి.

"మీకు తెలిసిపోయింది కదా."

"నాకు తెలిసింది నా సంగతి. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు."

ఆమె లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళకి అంటిన మట్టి దులుపుకుంది. గొంతు సవరించుకుంది. నీళ్ళు తాగుతారా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

"అంచు వంకరగా ఉంది మావయ్యా. ఎడమ పక్క రాళ్ళు నాలుగు తీసెయ్యాలి. కింద మాలు పెంచి రెండు వేళ్ళు లేపాలి."

"వినపడలేదు. రేపక్కడ మిక్సరు తిరుగుతుంటుంది."

"అంచు వంకరగా ఉంది, తియ్యండి" అంది ఆమె, పక్కింటి మూడో అంతస్తులో కిటికీ తెరుచుకునేంత గట్టిగా.

అత్తగారు గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఎవరి మీద ఆ కేకలు?"

"మేస్త్రి కేకలేస్తోంది. నువ్వు లోపలికి పో" అన్నాడు మట్టం మేస్త్రి, సుత్తి అందుకుంటూ.

నీళ్ళు సగం తోడి పోశారు. ఎలాగూ మొదటిసారి నీళ్ళు పారబొయ్యాల్సినవే. మేస్త్రి నాలుగు రాళ్ళూ ఊడగొట్టి, మాలు కలిపి, మళ్ళీ కూర్చోబెట్టడానికి గంట పట్టింది. ఆమె రసమట్టం పట్టుకుని ఎదురుగా నిలబడింది. మొదటి మూడు రాళ్ళూ బాగానే కుదిరాయి. నాలుగోది పెట్టేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక కన్ను మూశాడు, చూశాడు. ఈసారి "సరిపోయింది" అనలేదు. తలెత్తి కోడలి వైపు చూశాడు.

"ఇప్పుడు?"

ఆ మొహంలో ఆశ ఉంది. అంతసేపు అంత ధైర్యంగా మాట్లాడిన మనిషికి లోపల ఇంకా ఎక్కడో, ఈ ఒక్కసారికి కన్ను నిజం చెప్పి ఉంటుందేమోనని ఉంది. ఆమె రసమట్టం పెట్టింది. బుడగ మధ్య గీత దాటి కొంచెం పక్కకి నిలిచింది. కొంచెమే. చేపలు పట్టించుకోవు, ఉడతలు పట్టించుకోవు. బాగుందనేస్తే ఆ మొహం వెలిగిపోతుంది.

"అర వేలు పైకుంది మావయ్యా. తియ్యండి."

ఆయన మొహం చిన్నబోయింది. దాచుకోలేదు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. మేస్త్రి రాయి పెకలించి పక్కన పెట్టి, కిందున్న మాలు తాపీతో కొంచెం గీకి తీశాడు. ఆమె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, సాయం చెయ్యకుండా, ఆయన పని అయ్యేదాకా అక్కడే నిలబడింది.